ఏడాదికి ఒక్క పూట దొర

కొలతలు తీసేటప్పుడు మనిషి బుద్ధి బయటపడుతుంది. నడుం చుట్టూ టేపు తిప్పగానే ప్రతివాడూ పొట్ట లోపలికి పీల్చేస్తాడు, లేని ఛాతీ తెచ్చుకుంటాడు. ఆ కొలతకి కుడితే మర్నాడు బొత్తాం పట్టదు, తప్పేమో దర్జీదవుతుంది. అందుకే మాటల్లో పెట్టి, వాడు ఊపిరి వదిలాక కొలుస్తాను. మల్కాపురం బజార్లో నేను మిషను పెట్టిన నాటినుంచీ, ఉన్న పొట్ట ఉన్నట్టు వదిలేసి నిలబడినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. అతని పేరు ఎల్లాజీ. "కొలుసుకో జలీల్ బాయ్, ఉన్నదిదే" అనేవాడు.

ఎల్లాజీది వేటకెళ్లే కుటుంబం. తండ్రీ అన్నా పొద్దున లేస్తే సముద్రం మీదే. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. చేపలోళ్ల ఇంట పుట్టి పడవ పడకపోతే పేటలో జనం ఊరుకుంటారా, చిన్నప్పట్నుంచీ ఏడిపించి వదిలిపెట్టారు. వాళ్లు నోరు తెరిచేలోపు తనని తానే వెక్కిరించుకోవడం అప్పుడే నేర్చుకున్నాడు. ఆ తర్వాత వాళ్ల నడకలూ గొంతులూ కూడా పట్టేశాడు. అప్పట్నుంచి ఏడిపించేవాళ్లు తగ్గారు.

పోర్టులో ఓడల సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. కంపెనీ పేరు నేను చెప్పను, ఆ పేరుతో అది ఇప్పుడు లేదు కూడా. వాళ్ల యూనిఫారాలు కుట్టే పని నాది, కాబట్టి గేటు లోపలి కబుర్లు నా కొట్లోకి వచ్చి పడుతూండేవి.

ఏటా సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. క్రేన్లు ఆపి, కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొట్టేవారు. ఆ తర్వాత ఆ కంపెనీలో ఒక ఆచారం ఉండేది, నేను ఇంకెక్కడా చూళ్లేదు. కూలీల్లో ఒకడు దొర వేషం కట్టి యార్డంతా తనిఖీ చేసేవాడు. అసలు మేనేజరు కుర్చీ వేసుకుని ముందు వరసలో కూర్చోవాలి. వేషగాడు ఏమన్నా ఆ పూట ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. అంతా అయ్యాక, ఎవరి మీద వేషం కట్టాడో వాళ్లే లేచి మొదటి పులిహోర ఆకు అతని చేతికివ్వాలి. పగటి వేషాలవాళ్లు తాము వెక్కిరించిన పెద్దమనిషి చేతే సంభావన పుచ్చుకుంటారు చూడండి, అక్కణ్ణుంచి వచ్చిందనుకుంటాను. ఎల్లాజీ చేరిన రెండో ఏటినుంచి ఆ వేషం అతనిదే. తొంభై ఏడులో మా పక్కనున్న రిఫైనరీలో మంటలు లేచి మల్కాపురం జనం ఇళ్లు వదిలి పరిగెత్తిన ఏడు తప్ప ఎప్పుడూ మానలేదు.

వేషం బట్టలు నేనే కుట్టేవాణ్ణి. ఒక ఏడు కూలీలకి గ్లౌజులివ్వడం ఆపేశారు. ఇనప తీగలు పట్టుకుని అరచేతులు చీరుకుపోతున్నాయి. ఎల్లాజీ వచ్చి మోకాళ్ల కిందికి వేలాడే చేతులతో కోటు కుట్టమన్నాడు. అది తొడుక్కుని, అప్పటి మేనేజరు శ్రీరామ్మూర్తిగారిలా మెడ ఒక పక్కకి వాల్చి యార్డులోకి వచ్చాడు. "గ్లౌజుల్లేవంటన్నారేటి? నాకూ లేవు, సూడండి. నాకు సేతులే లేవు. ఫైలు మీద సంతకం కూడా మా గుమస్తా ఎడతాడు" అని ఖాళీ కోటు చేతులు గాల్లో ఆడించాడు. జనం పడీపడీ నవ్వారు. శ్రీరామ్మూర్తిగారు లేచి, మొహం గంటు పెట్టుకునే, ఆకు చేతికిచ్చారు. దసరాలోపు గ్లౌజులొచ్చాయి. ఇంకో ఏడు కూలీలు తాగే తుప్పు నీళ్ల డ్రమ్ము మీద కట్టాడు, అదీ మారింది.

శ్రీరామ్మూర్తిగారికి ప్యాంటు కొలతలు తీస్తూ ఓసారి అడిగాను, మీకు కోపం రాదా సార్ అని. "ఎందుకు రాదు, వస్తుంది. ఇంటికెళ్లి మా ఆవిడ మీద అరుస్తాను. కానీ జలీల్, ఏడాది పొడుగునా ఫోర్‌మన్లు వచ్చి అంతా బాగుంది సార్ అంటారు. ఆ ఒక్క పూటా ఏది బాగోలేదో నాకు తెలుస్తుంది" అన్నాడు. ఆయనేం మహానుభావుడు కాదు, పరమ పిసినారి. కుట్టుకూలి దగ్గర నా ప్రాణం తీసేవాడు. కానీ ఆ మాట మాత్రం పెద్ద పెద్ద చదువులవాళ్ల దగ్గర కూడా నేను వినలేదు.

నవ్వు నాలుగు విధాల చేటని సామెత చెప్పినవాడు ఎక్కడున్నాడో గానీ, వాణ్ణి తెచ్చి ఆ యార్డులో ఒక్క షిఫ్టు పనిచేయించాలి. అక్కడ నోరు తెరిచి ఫలానాది బాగోలేదన్న కాంట్రాక్టు కూలీకి మర్నాడు పిలుపు ఉండేది కాదు. తిట్లుండవు, గొడవుండదు, గేటు దగ్గర పేరు పిలవరు, అంతే. ఎల్లాజీ మేనబావ తాతబాబు దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవాడు. "మాటంటే కూడు పోద్ది బాయ్. ఏషం కడితే పోదు." తాతబాబు క్రేను కింద నిలబడి, కొక్కేనికి సరుకు తగిలించి, పైవాడికి చేత్తో సైగ చేసే మనిషి. నెమ్మదస్తుడు. ఎల్లాజీ వేషం కట్టిన ప్రతిసారీ కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వేవాడు.

రెండువేల రెండులో కంపెనీ చేతులు మారింది. శ్రీరామ్మూర్తిగారు వెళ్లిపోయి త్రినాథరావుగారు వచ్చారు. ఈయన దుర్మార్గుడని చెబితే నాకు పని సులువయ్యేది. కానీ కాదు. నవ్వు మొహం, అందర్నీ పేరు పెట్టి పిలిచేవాడు. మొదటి ఏడే ఎల్లాజీ వేషం చూసి ముచ్చటపడిపోయాడు. ఇంత కళ ఉన్నవాడు బస్తాలు మోయడమేమిటన్నాడు. ఎల్లాజీని పర్మినెంటు చేసి, ఆఫీసులో వెల్ఫేర్ పని ఇచ్చాడు. రోజూ పొద్దున మీటింగులో ఒక జోకు చెప్పాలి, అతిథులొస్తే సరదాగా ఉండాలి, సేఫ్టీ వారోత్సవాలకి స్కిట్లు వెయ్యాలి. "మనసు తేలికైతే పని బాగా సాగుతుందయ్యా" అనేవాడు త్రినాథరావుగారు.

ఎల్లాజీ ఎందుకు ఒప్పుకున్నాడో మల్కాపురంలో అందరికీ తెలుసు. భార్య చిట్టమ్మకి గుండెలో వాల్వు పాడైంది. నాలుగు బిందెలు మోసేసరికి ఆయాసంతో గుమ్మంలో కూలబడిపోయేది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. కాంట్రాక్టు కూలీకి అది కలలో మాట. పర్మినెంటై రెండేళ్లు నిండితే కంపెనీ కార్డొస్తుంది, ఆసుపత్రి ఖర్చు కంపెనీది. అతని స్థానంలో నేనున్నా ఎగిరి గంతేసేవాణ్ణి, కాబట్టి ఆ విషయంలో అతన్ని ఒక్క మాట అనను.

ఆఫీసువాళ్లు వేసుకునే నీలం చొక్కాకి కొలతలివ్వడానికి వచ్చాడు. టేపు నడుం చుట్టూ తిప్పాను. ఎల్లాజీ పొట్ట లోపలికి పీల్చాడు.

తర్వాత అతని జోకులు ఎలా ఉండేవంటే, తాగుబోతు మొగుడూ గయ్యాళి పెళ్లామూ, పల్లెటూరివాడు లిఫ్టెక్కడమూ, అలాంటివి. ఆఫీసువాళ్లు తెగ నవ్వేవారు. యార్డులో మాత్రం అతను టీ తాగడానికొస్తే మాటలాగిపోయేవి. "ఆఫీసు బావ వత్తన్నాడు" అని మోచేతులతో పొడుచుకునేవారు. కూలీల కడుపులో ఉన్నది విని దాన్ని వేషం చెయ్యడమే కదా అతని పని. చెప్పేవాళ్లు లేకపోతే ఎంత గొప్ప వేషగాడైనా ఏం కడతాడు. రెండేళ్లు పూజ రోజు వేషం చప్పగా నడిచింది. త్రినాథరావుగారు మాత్రం రెండేళ్లూ భేష్ అన్నారు.

మూడో ఏడు తాతబాబు ఎల్లాజీని వెంటబెట్టుకుని నా కొట్టుకొచ్చాడు. పెద్ద క్రేను ఇనప తాడు పాడైపోయిందన్నాడు. తీగలు తెగి ముళ్లలా పైకి లేచాయి. యార్డులో అందరూ చూశారు. ఫోర్‌మన్‌కి చెబితే, ఓడ తర్వాత ఓడ వస్తోంది, క్రేను ఆపితే రోజుకి ఇంత నష్టం, తర్వాత చూద్దామన్నాడు. గట్టిగా అడిగినవాణ్ణి మర్నాడు పిలవలేదు.

"బావా, ఈ ఏడు తాడు మీద కట్టు" అన్నాడు తాతబాబు. "నువ్వు కడితే మారుత్తారు. నాను దాని కిందే నిలబడతన్నాను. ఎత్తినప్పుడల్లా పైకి సూడ్డం మానీసినాను."

ఎల్లాజీ నా కత్తెర తీసి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత తలెత్తి, "బాయ్, కోటుకి అన్నీ కచ్చా కుట్లే వేసి ఇయ్యగలవేటి?" అన్నాడు.

అలాంటి బట్ట నేను జన్మలో కుట్టలేదు. చేతులూ, జేబులూ, కాలరూ, వీపూ అన్నీ వట్టి కచ్చా కుట్టు మీద నిలబడాలి. ఏ దారం లాగితే ఏది ఊడుతుందో లెక్క ఉండాలి. తయారయ్యాక ఎల్లాజీ మా కొట్లోనే వేసి చూపించాడు. త్రినాథరావుగారిలా చేతులు రుద్దుకుంటూ నడిచాడు. సెల్యూట్ కొడితే కుడి చెయ్యి ఊడి కిందపడింది. వంగి దాన్ని చూసి, "ఇంకోటి ఉంది కదా, పర్లేదు. ఓడెల్లిపోయాక కుట్టిద్దాం" అన్నాడు. రెండోది ఊడింది. కాలరు ఊడింది. ఊడిన ప్రతిసారీ ఓడ వెళ్లిపోయాక కుట్టిద్దామంటాడు. చివరికి వీపు ముక్క ఒక్కటే దారం మీద వేలాడుతుంటే, దాని కిందకి తాతబాబుని లాగి, "నువ్విక్కడ నిలబడరా నాన్నా, ఏటీ కాదు" అన్నాడు. తాతబాబు నవ్వలేక బల్ల పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. పాత ఎల్లాజీ తిరిగొచ్చాడని ఆ రోజు మా ఆవిడ రజియాతో చెప్పాను కూడా.

ఆ ఏడు పూజకి హెడ్డాఫీసు పెద్దలొస్తున్నారు. త్రినాథరావుగారు ఎల్లాజీని గదిలోకి పిలిచి, వేషం ముందుగా ఒకసారి చూపించమన్నారు. శ్రీరామ్మూర్తిగారి రోజుల్లో ఇలాంటిది లేదు. ఎల్లాజీ కోటు వేసుకుని మొత్తం చేసి చూపించాడు. ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వాడట.

తర్వాత అన్నాడట: "అద్భుతం ఎల్లాజీ. దీన్ని వచ్చే ఏడు చేద్దాం. ఈసారి పెద్దవాళ్ల ముందు బాగుండదు. తాడుకి ఆర్డరు పెట్టేశాను, ఈ ఓడ వెళ్లగానే మార్పిస్తాను. అన్నట్టు చిట్టమ్మ ఆపరేషన్ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. ఈ వారంలో సంతకం పెట్టేస్తాను, నువ్వు దిగులు పెట్టుకోకు."

బెదిరించాడా అని అడిగాను నేను. "నేదు బాయ్, ప్రేమగానే సెప్పినాడు. బెదిరిత్తే ఎదురు తిరుగుదును" అన్నాడు ఎల్లాజీ. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది అతనే.

పూజ రోజు నేనూ వెళ్లాను. తాతబాబు తెల్లారకుండానే వచ్చి నేల మీద అందరికంటే ముందు కూర్చున్నాడు. ఎల్లాజీ వచ్చాడు. కోటు లేదు. తలకి తుండు చుట్టుకుని, కూలీ వేషంలో వచ్చాడు. పని ఎగ్గొట్టి బస్తాల చాటున నిద్రపోయే కూలీ, ఫోర్‌మన్ కేకేస్తే నిద్రలోనే చేత్తో సైగలు చేసే కూలీ. హెడ్డాఫీసు పెద్దలు తొడలు చరుచుకుని నవ్వారు. కూలీలు కూడా నవ్వారు. నవ్వకపోతే ఎవరు చూస్తున్నారో అన్న నవ్వది. సైగలు చేసేది తాతబాబే కదా. అతను మాత్రం ఎల్లాజీ మొహంకేసి చూస్తూ కూర్చున్నాడు.

వేషం అయిపోయింది. ఎవరి మీద కట్టాడో వాళ్లే ఆకు ఇవ్వాలి. మేనేజరుగారు అలవాటుగా కుర్చీలోంచి సగం లేచి, తన మీద కాదని గుర్తొచ్చి కూర్చుండిపోయాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు తాతబాబు లేచి, పులిహోర వడ్డించిన ఆకు రెండు చేతులా పట్టుకొచ్చి ఎల్లాజీకిచ్చాడు. "తిను బావా" అన్నాడు. ఎల్లాజీ ఆకు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను నా ఆకు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ ఓడ వెళ్లింది. ఇంకో ఓడ వచ్చింది. అక్టోబరు వానల్లో ఒక మధ్యాహ్నం తాడు తెగింది. ఇనప గొట్టాల కట్ట తాతబాబు మీద పడింది. కబురు బజారుకొచ్చేసరికి నేను ఎవరిదో కాలరు కుడుతున్నాను. శవాన్ని చూడడానికి కూడా ఏమీ మిగల్లేదని, అతని భార్య జోగమ్మని చాలాసేపు గేటు దగ్గరే ఆపేశారు.

హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన విచారణకొచ్చాడు. కూలీలందర్నీ ఒక్కొక్కణ్ణే పిలిచి అడిగాడు. తాడు బాగానే ఉందన్నవాడు ఒకడు, తానసలు చూడలేదన్నవాడు ఒకడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. వాళ్లననేదేముంది, మర్నాడు గేటు దగ్గర పేరు పిలవాలి కదా.

ఎల్లాజీ వంతు వచ్చే ముందు నా కొట్టుకొచ్చి మంచినీళ్లడిగి తాగాడు. "ఇయాల్టితో నా ఉద్యోగం సరి బాయ్. సిట్టమ్మకి ఏటి సెప్పాలో తెల్దు" అని గేటు లోపలికెళ్లాడు. అతను ఆ రోజు చేసినదానికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఉన్నదంతా చెప్పేశాడు. తాడు సంగతి కూలీలు ఫోర్‌మన్‌కి చెప్పారని, తాతబాబు తనకి చెప్పాడని, తను మేనేజరుగారికి వేషం కట్టి మరీ చూపించానని, ఆయన ఓడ వెళ్లాక చూద్దామన్నారని, పెళ్లాం ఆపరేషన్ కోసం తను నోరు మూసుకున్నానని. ఒక్క జోకు లేకుండా, చేతులు కట్టుకుని చెప్పాడు.

పెద్దాయన త్రినాథరావుగారి వైపు చూశాడు. ఆయన చిన్నగా నవ్వి, "ఎల్లాజీ మా కంపెనీ ఆర్టిస్టు సార్. పూజ రోజు మీరూ చూశారు కదా. దేన్నయినా కథ కట్టేస్తాడు. పాపం, బావ పోయిన బాధలో ఉన్నాడు" అన్నాడు. పెద్దాయనకి నిద్రపోయే కూలీ గుర్తొచ్చింది. ఆయనా నవ్వాడు. లేచొచ్చి ఎల్లాజీ భుజం తట్టి, కూర్చోబెట్టి టీ తెప్పించాడు. సైగ చేసే మనిషి నిలబడకూడని చోట నిలబడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని తేల్చి, సాయంత్రం విమానానికి వెళ్లిపోయాడు.

ఎల్లాజీ తిరిగొచ్చి నా కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు. "పొమ్మన్నా బాగుండును బాయ్" అన్నాడు. "టీ ఇచ్చినారు."

ఉద్యోగం పోలేదు. పూజనాటినుంచీ ఆగిన సంతకం కూడా ఆ వారమే అయింది. త్రినాథరావుగారు నిజంగానే మనసు పెట్టి, ఆసుపత్రికి తనే ఫోన్ చేసి మరీ ఆపరేషన్ త్వరగా చేయించాడు. తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, చివర్న చెప్పే ఓపిక నాకుండదు. చిట్టమ్మ కోలుకున్నాక ఎల్లాజీ ఉద్యోగం మానేసి ఒడ్డున వలలు బాగుచేసే పనిలో కుదిరాడు. పడవెక్కలేడు కదా. ఆ కంపెనీలో పూజ రోజు ఆర్కెస్ట్రా పెట్టడం మొదలెట్టారు. క్రేన్లు బాగానే ఉన్నాయని ఫోర్‌మన్లు చెబుతూనే ఉన్నారు. ఇంకో రెండు ప్రమాదాలు జరిగాయి. ఏది బాగోలేదో చెప్పేవాడు అక్కడ ఇంకెవడూ పుట్టలేదు.

నన్ను వదలనిది వేరే సంగతి. ఆపరేషన్ అయి చిట్టమ్మ ఇంటికొచ్చిన వారానికి రజియా, నేను చూడ్డానికెళ్లాం. చిట్టమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. పక్కన జోగమ్మ కింద కూర్చుని విసురుతోంది. కరెంటు లేదు. రోజూ వచ్చి వండిపెట్టి వెళుతోందట. ఎల్లాజీ గోడ వారగా నిలబడ్డాడు.

మాటల్లో జోగమ్మ, "మావోడు పూజ నాడు సీకటితోటే లెగిసెల్లిపోయినాడొదినా. ఇయాల బావ తాడేషం కడతాడు, ముందు కూకోవాల అనీసి. సద్ది కూడా తిన్నేదు" అంది. దెప్పిపొడవాలని కాదు. పోయినవాణ్ణి తలుచుకుంటూ అంది, అంతే.

"తాడేషమేటి?" అంది చిట్టమ్మ.

చిట్టమ్మ మొగుడి వైపు తిరిగి మళ్లీ అడిగింది. అప్పుడు ఎల్లాజీ అంతా చెప్పాడు. మేనేజరు గదిలో ఆయనన్న మాటలు మేనేజరు గొంతులోనే వచ్చేశాయి, అలవాటైన నోరు. సంతకం మాట మాత్రం తన గొంతుతోనే చెప్పాడు.

చిట్టమ్మ చెయ్యి గుండె మీదున్న కట్టు మీద పెట్టుకుని ఉంది. ఆయాసపడకుండా, నెమ్మదిగా అంది. "నన్నొక్క మాట అడగనేదు. అడిగితే నానూ నోరు మూసుకోమందునేమో. బతకాలని ఎవులికుండదు. అప్పుడు తప్పు నాదని జోగమ్మ కాళ్లట్టుకుందును. ఇప్పుడు ఏటని అట్టుకోను, నాకు తెల్దంటానా?"

ఎల్లాజీ గోడకేసి తిరిగి ఏడ్చాడు. మనుషుల ఏడుపులన్నీ అచ్చుగుద్దినట్టు ఏడ్చి చూపించగలిగినవాడికి తన ఏడుపు ఎలా ఉంటుందో నేను ఆ రోజే చూశాను.

జోగమ్మ ఎవరికేసీ చూడలేదు. విసరడం ఆపలేదు. చెమట పడితే కుట్లు చీము పట్టేస్తాయని డాక్టరు చెప్పాడట.